తిన్నకొద్దీ ఆదా

మా ఇంట్లో ఆకలికి వారాలున్నాయి. మంగళవారం ఒక బ్యాంకువాళ్ళ ఆకలి, బుధవారం ఇంకో బ్యాంకువాళ్ళది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా మాకెవరికీ ఆకలెయ్యదు. వేసినా పైకి చెప్పరు. ఆ మూడు రోజులూ మా ఇంట్లో ఉన్న ఏ కార్డుకీ తగ్గింపు వర్తించదని పిల్లలకి కూడా తెలుసు. పప్పూ చారూ ఉంటాయి, తిని పడుకుంటాం.

పంచాంగంలో లాగే ఇందులోనూ వర్జ్యాలుంటాయి. డిసెంబరు 24, 25, 31, జనవరి 1, ఫిబ్రవరి 14. మనిషికి బయట తినాలని బుద్ధిపుట్టే రోజులన్నీ ఏరి పక్కన పెట్టి, మిగిలినవి మనకి దయచేస్తారు. కిందటేడు మా పెళ్ళిరోజు శనివారం వచ్చింది. నేను దాన్ని ముందు మంగళవారానికి జరిపాను. కేకు కోయించి ఫొటో తీసి, శనివారం దాకా ఎవరికీ పంపొద్దని అందరికీ గట్టిగా చెప్పాను. మా ఆవిడ మెనూ తిప్పుతూ, తల ఎత్తకుండానే, "పెళ్ళి కూడా మంగళవారమే చేసుకోవాల్సిందండీ. ఒకటి చేసుకుంటే ఇంకోటి ఉచితంగా వచ్చేదేమో, మీకు పనికొచ్చేది" అంది.

నన్ను పిసినారి అంటే మాత్రం ఒప్పుకోను. పిసినారి ఖర్చు పెట్టడు. నేను పెడతాను, చక్కగా పెడతాను, ఆదా చెయ్యడం కోసమే పెడతాను. బిల్లు కట్టగానే ఫోన్లో పచ్చటి అక్షరాలతో 'మీరు 500 రూపాయలు ఆదా చేశారు' అని వస్తుంది చూడండి, దాని కోసం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో, ఇన్నేళ్ళ సంసారంలో నన్ను రాతపూర్వకంగా మెచ్చుకున్నది ఆ పచ్చ అక్షరాలొక్కటే.

ఈ విద్యలో కిటుకంతా అడుగున ఉన్న షరతుల్లో ఉంటుంది. నా దగ్గరున్న కార్డొకటి 'రెస్టారెంట్లలో 25 శాతం తగ్గింపు' అని ఊరిస్తుంది. కింద భూతద్దం పెడితే తప్ప కనపడని రెండు ముక్కలు: బిల్లు కనీసం 2,500 ఉండాలి, తగ్గింపు 500 మించదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. పాతిక శాతం పూర్తిగా దక్కాలంటే బిల్లు 2,000 దాటకూడదు. 2,000 అయితే అసలు ఆఫరే రాదు. 2,500 చేస్తే వచ్చేది 500, అంటే 20 శాతం. 4,000 చేస్తే పన్నెండున్నర. ఎటు తిప్పి చూసినా ఆ పాతిక శాతాన్ని ఈ భూమ్మీద తిండి తినే ఏ ప్రాణీ అందుకోలేదు. బ్యాంకులో ఎవరో కూర్చుని ఇంత అందంగా అల్లారంటే, ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది. మర్నాడే వెళ్ళి 2,500 తిన్నాం.

ఓ రాత్రి బిల్లు 2,140 దగ్గర ఆగిపోయింది. పిల్లలు చేతులెత్తేశారు. నేను మాత్రం కాగితం రుమాలు మీద లెక్క మొదలుపెట్టాను. మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ 5 శాతం. యాప్‌లో కట్టేటప్పుడు పన్నుతో కలిపిన మొత్తాన్నే చూస్తుంది కాబట్టి, 2,140కి 107 కలిపితే 2,247. ఇంకా 253 కావాలి. ఖుబానీ కా మీఠా 240 ఉంది, పన్నెండు పన్ను, 252. చెప్పించాను. బిల్లొచ్చింది: 2,499.

ఒక్క రూపాయి! అది టిప్పుగా ఇస్తానంటే యాప్ వినదు. క్యాప్టెన్‌ని పిలిచి మీ దగ్గర అన్నిటికంటే చవకైనది ఏముందని అడిగితే, అతను కాసేపు నన్నూ, కాసేపు నా షర్టునీ చూసి, "వాటర్ బాటిల్ సార్" అన్నాడు. సీసా మీద 20, బిల్లులో 40. అదేమని నిలదీయడానికి లేదు. హోటల్లో కూర్చోబెట్టి వడ్డించేటప్పుడు ముద్రించిన ధర వర్తించదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మేం ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా పక్కనే దీన్ని నిలబెట్టాం. మొత్తం 2,541. ఐదొందలు పోగా కట్టింది 2,041. అంటే ఖుబానీ, నీళ్ళు తీసుకోకపోతే 2,247 కట్టేవాళ్ళం. తీసుకున్నందుకు 206 తగ్గింది. చూశారా, లెక్క పూర్తిగా నా వైపే ఉంది.

"అంతా బాగుందండీ" అంది మా ఆవిడ, కారెక్కుతూ. "అసలు మనం ఇంట్లోంచి బయల్దేరింది సందు చివర బండి దగ్గర దోశలకి కదా?"

ఆవిడతో వాదన పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది. లెక్కల మాస్టారి కూతురు.

సర్వీస్ చార్జీ దగ్గర మాత్రం నాది ధర్మపోరాటం. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, బిల్లులో దాన్ని దానంతటదే కలపకూడదని మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ళవాళ్ళు కోర్టుకెళ్ళారు, మధ్యలో స్టే వచ్చింది. చివరికి 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనంది. ఈ చరిత్రంతా నాకు కంఠతా వచ్చు. ఒక చోట 2,400 బిల్లు మీద పది శాతం లెక్కన 240 వేస్తే, గొంతు సవరించుకుని తేదీలతో సహా అప్పజెప్పాను. క్యాప్టెన్ ఒక్క మాటా ఎదురు చెప్పకుండా తీసేసి కొత్త బిల్లు తెచ్చాడు. తెచ్చి నవ్వాడు. వెటకారమేం లేదు, పాపం, మంచి నవ్వే. దాంతో నాకు ప్రాణం చివుక్కుమని, సోంపు గిన్నె కింద మూడొందలు పెట్టి వచ్చాను. పోరాటంలో నికర నష్టం 60 రూపాయలు. ఆ సంగతి పచ్చ అక్షరాల్లో ఎక్కడా రాదు.

వీటన్నిటికంటే లోతైన విద్య ఇంకోటుంది. కార్డు గీకే ప్రతి దుకాణానికీ నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది. రెస్టారెంటుకి 5812, ఫాస్ట్‌ఫుడ్‌కి 5814, బేకరీకి 5462, బస హోటళ్ళకి 7011. 'డైనింగ్ మీద అయిదు రెట్లు పాయింట్లు' అని కార్డువాళ్ళు అన్నప్పుడు, మనం తిన్నామా లేదా అన్నది వాళ్ళకి అనవసరం. ఆ కోడ్ ఏమిటన్నదే ముఖ్యం. ఓసారి పెద్ద హోటల్లో కడుపు పగిలేలా తిని వస్తే, స్టేట్‌మెంట్లో అది బస కింద పడింది. మేం నలుగురం అక్కడ పడుకున్నట్టు. పాయింట్లు రాలేదు. అప్పట్నించీ లోపలికి వెళ్ళగానే కౌంటర్ దగ్గర ఆగి, "మీ మిషన్ కోడ్ ఎంతండీ?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఒక కుర్రాడు జాలిగా చూసి, "మా కోడ్ ఎందుకు సార్? పిన్ మీదే కొట్టాలి" అన్నాడు. మా పెద్దమ్మాయి అప్పుడే అక్కడి అక్వేరియంలో చేపల మీద విపరీతమైన ఆసక్తి పెంచుకుంది.

వన్ ప్లస్ వన్ బఫేల గురించి రాయకపోతే మా అత్తయ్యగారికి అన్యాయం చేసినట్టే. ఆవిడ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఓ స్టార్ హోటల్లో మధ్యాహ్నం బఫే, ఒకరికి కడితే ఇద్దరు. గది అద్దె రోజుకి 7,500 దాటే హోటళ్ళలో భోజనం మీద పన్ను 5 కాదు, 18 శాతం. అయినా సగం ధర సగమే కదా అని తల్లీకూతుళ్ళని తీసుకెళ్ళాను. పొద్దున టిఫిన్ పెట్టనివ్వలేదు. కాఫీ కూడా సగం గ్లాసే. అన్నం, రొట్టె జోలికి పోవద్దని, రొయ్యలతో మొదలుపెట్టి మటన్ మీదుగా రావాలని దారిలో వివరించాను. అన్నీ విని, లోపల కుర్చీలో సర్దుకున్నాక, "ఇవాళ మంగళవారం అల్లుడుగారూ, నేను నీసు ముట్టను" అన్నారు. ఇంతకాలం బ్యాంకువాళ్ళకి మంగళవారమే అంత దయ ఎందుకు పుట్టుకొస్తుందా అనుకునేవాణ్ణి. ఆంజనేయస్వామి వారం సగం మంది మాంసం ముట్టరు, సగం కుర్చీలు ఖాళీ.

అత్తయ్యగారు రెండు గరిటెల పెరుగన్నం, ఒక గులాబ్‌జామూన్‌లో సగం తిన్నారు. నేను పక్కనే నిలబడి, పోనీ ఆ పుట్టగొడుగుల వేపుడు, పోనీ ఆ పనీరు, అంటూ బతిమాలాను. చివరికి బిల్లు చూపించి ఎంత మిగిలిందో చెబితే సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసి, "అయితే ఇందులో ఊరికే వచ్చింది ఎవరండీ? నేనా, అమ్మాయా?" అని అడిగారు. తొందరపడకుండా ఆలోచించి చెప్పవలసిన ప్రశ్నలు కొన్నుంటాయి. "మీరేనండీ" అన్నాను, చవగ్గా పడ్డారన్న మెచ్చుకోలుతో. ఆ పూట నాతో ఇంకేం మాట్లాడలేదు. తెనాలి వెళ్ళాక మామయ్యగారితో, "అల్లుడు నన్ను ప్లస్ వన్ అన్నాడు" అని చెప్పారట.

ఈ పిచ్చి నాతో మొదలైంది కాదు. అసలు ఈ కార్డు అన్నదే భోజనం బల్ల దగ్గర పుట్టింది. 1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా అనే ఆయన డైనర్స్ క్లబ్ మొదలుపెట్టాడు. హోటల్లో తిన్నాక చూసుకుంటే పర్సు లేదని, భార్య డబ్బు తెచ్చి విడిపించిందని, ఆ అవమానంలోంచి కార్డు పుట్టిందని చెబుతారు. ప్రచారం కోసం అల్లిన కథ అన్నవాళ్ళూ ఉన్నారు. నాకైతే నమ్మబుద్ధవుతుంది. భర్త తినడం, భార్య విడిపించుకోవడం అల్లుకోవలసినంత వింతేం కాదు.

మన దేశంలో నాలాంటివాళ్ళకి స్వర్ణయుగం 2017 చివర జొమాటో గోల్డ్ వచ్చినప్పుడు. ఒక పదార్థానికి ఇంకోటి, రెండు డ్రింకులకి ఇంకో రెండు. మేం ఎంత నియమంగా తిన్నామంటే, 2019 ఆగస్టులో వందలాది రెస్టారెంట్లు ఇక మావల్ల కాదని యాప్‌ల నుంచి బయటికొచ్చేశాయి. లాగౌట్ ఉద్యమమని పత్రికల్లో రాశారు. యజమానుల బాధ నిజమే: ఆఫరుంటేనే వచ్చి, అయిపోగానే మొహం చాటేసేవాళ్ళతో వాళ్ళు వంటవాడికి జీతం ఎలా ఇస్తారు? ఆ వార్తలు చదువుతున్నప్పుడు మా ఆవిడ నా వంక చూసింది. నేను పేపరు కాస్త పైకెత్తుకున్నాను.

ఇక వార్షిక రుసుముంది. ఐదు వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, 5,900. ఏడాదిలో ఫలానా మొత్తం ఖర్చు పెడితే మాఫీ. మాఫీ కోసం శుభ్రంగా పనిచేస్తున్న ఫ్రిజ్‌ని మార్చాం. పాయింట్లు నాలుగు వేలు కూడబెడితే, పావలా లెక్కన వెయ్యి రూపాయలు. వాటిని వాడుకోవడానికి 99, మళ్ళీ దాని మీద జీఎస్టీ. అయినా ఒక విషయంలో నా నిష్ఠకి వంక పెట్టలేరు: గడువు లోపల మొత్తం కట్టేస్తాను. కొన్ని కార్డులకి వడ్డీ నెలకి మూడున్నర శాతం, ఏడాదికి 42. మా బావమరిది 'మినిమం డ్యూ' అన్న మాటని ప్రేమతో నమ్మి, దసరాకి తిన్న బిర్యానీకి ఉగాది దాకా కట్టుకున్నాడు.

మా ఆవిడ ఎల్ఐసీ డైరీలో ఇంటి ఖర్చు రాస్తుంది. అందులో 'హోటల్' అని ఒక పేజీ. నా ఫోన్లో 'ఆదా' అని ఒక పట్టిక. డిసెంబరులో రెండూ పక్కపక్కన పెట్టి చదువుకుంటాం. ఆవిడ అంకె నా అంకెకి అయిదు రెట్ల పైచిలుకే. ఆవిడ చెప్పేది ఒకటే: ఎప్పుడు తినాలో, ఎక్కడ తినాలో, ఎంత తినాలో ఈ ఇంట్లో మనం నిర్ణయించి చాలాకాలమైందని. నా జవాబూ ఒకటే: ఆ తెలివి లేకపోతే నీ అంకె ఇంకా పెద్దదయ్యేది. రెండు పద్దులూ నిజమే కాబట్టి తగువు తెగదు.

ఆవిడకి ఇష్టమైన చోట్లకి ఏ కార్డూ పనిచెయ్యదు, అదొక చిక్కు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బిర్యానీకి నిలబడ్డవాళ్ళకి ఎవరూ కూపన్లు పంచరు. చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ తగ్గింపు లేకుండానే అమ్ముడవుతాయి. అమీర్‌పేట మెస్సుల్లో పప్పు మారు వడ్డిస్తూ షరతులు వర్తిస్తాయని ఎవరూ అనరు. యాభై శాతం తగ్గింపున్న చోట కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉంటాయో ఎప్పుడైనా ఆలోచించారా అని ఆవిడ అడుగుతుంది. ఖాళీగా ఉంటే మంచిదే కదా, బల్ల తొందరగా దొరుకుతుంది.

బల్ల అంటే గుర్తొచ్చింది. అసలు నేను చెప్పాలనుకుంటున్నది బల్లల సంగతే.

ఆ 500 పరిమితి ఒక కార్డుకి, ఒక బిల్లుకి. నలుగురం కలిసి 5,000 తిన్నా ఐదొందలే. కానీ మా ఆవిడ పేరు మీద విడిగా అదే కార్డుంది. రెండు బల్లలు, రెండు బిల్లులు, చెరో 2,500, మొత్తం వెయ్యి రూపాయలు! ఈ ఆలోచన వచ్చిన వారమే అమలు చేశాను. నేనూ చిన్నవాడూ ఒక బల్ల, ఆవిడా పెద్దమ్మాయీ దాని వెనక బల్ల, వీపులు ఆనించుకుని. లోపలికి కూడా రెండు జట్లుగా, అయిదు నిమిషాల తేడాతో వెళ్ళాం. క్యాప్టెన్ పక్కనున్న ఖాళీ బల్ల చూపించి, "సార్, మేడమ్‌వాళ్ళు మీవాళ్ళే కదా, టేబుల్స్ కలిపేయనా?" అన్నాడు. "వద్దు" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

చిన్నవాడికి ఎంత చెప్పినా ఆగక, "అమ్మా, నీ చేప ముక్క ఒకటియ్యవా?" అని కుర్చీ మీద మోకాళ్ళేసి అటు తిరిగాడు. నేను మా బల్ల మీది చికెన్‌ని భుజం మీదుగా వెనక్కి పంపిస్తున్నాను. సరిగ్గా అప్పుడు మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు ఆయన సకుటుంబంగా వచ్చాడు. ముందు నన్ను చూసి నవ్వాడు. తర్వాత నా వెనక బల్ల చూశాడు. నవ్వు మెల్లగా తగ్గించుకుని, నా భుజం మీద చెయ్యేసి, "అన్నిటికీ కాలమే మందు సార్" అని లోపలికి వెళ్ళిపోయాడు. నోట్లో కబాబు ఉండటం వల్ల వివరించలేకపోయాను.

ఆ రాత్రే ఫోన్లో వెయ్యి రూపాయల పచ్చ అక్షరాలు, రెండు విడతలుగా. మర్నాడు పొద్దున లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్, "మేడమ్ ఎప్పుడు పోతున్నరు సార్?" అనడిగాడు. పాలవాడు లెక్క ఇప్పుడే తేల్చేసుకుందామన్నాడు. మూడో అంతస్తు ఆవిడది రేపల్లె. రేపల్లెకీ తెనాలికీ ఎంత దూరమో ఆ వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. రెండో రోజు తెల్లవారుజామున మామయ్యగారూ అత్తయ్యగారూ సికింద్రాబాదులో రైలు దిగి, నేరుగా ఇంటికొచ్చి సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. మంచినీళ్ళు కూడా వద్దన్నారు.

"చెప్పండి" అన్నారు మామయ్యగారు. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన గొంతు.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నవ్వాపుకోవడానికని నాకు తెలుసు, ఏడవడానికని వాళ్ళనుకున్నారు. నాకింక దారిలేక కాగితం తెచ్చి, కనీసం 2,500, గరిష్ఠం 500, ఒక కార్డుకి ఒక బిల్లు, అన్నీ వేసి చూపించాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఒక్కో అంకె కిందా గీత గీస్తూ, పరీక్ష పేపరు దిద్దినట్టే దిద్దారు. అత్తయ్యగారు, "ఈ లెక్కలో కూడా నేను ప్లస్ వన్నేనా?" అన్నారు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. చాలాసేపు కాగితం వంకే చూశారు.

"లెక్క తప్పు లేదు" అన్నారు చివరికి. "కానీ ఇప్పుడు మనం ఆరుగురం కదా. రెండు బల్లలే ఎందుకు వేస్తున్నారు?"

"మూడో కార్డు లేదండీ."

"నా పెన్షన్ పడే బ్యాంకువాళ్ళు కార్డు తీసుకోమని రెండేళ్ళుగా పోరుతున్నారు. కసిరి పంపేస్తున్నాను." పెన్ను మళ్ళీ కాగితం మీద పెట్టారు. "మూడు ఐదొందలు, పదిహేను వందలు."

"నాన్నా, ఆరుగురం ఏడున్నర వేలు ఎలా తింటాం?" అంది మా ఆవిడ, వంటింట్లోంచి వచ్చి.

"పార్శిల్ కట్టిస్తాం" అన్నారాయన, అదొక సమస్యా అన్నట్టు. నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "మూడో బల్ల మాత్రం ఏసీ గాలి తగలని చోట చూడండి అల్లుడుగారూ. మీ అత్తయ్యకి పడదు."